28వ రోజున యంత్రం దగ్గర ఎవరుంటారు?

సంపాదక మహాశయులకు,

నమస్కారం. ఉదయం పేపరు రాగానే నేను మొదట తిప్పేది ఉద్యోగ ప్రకటనల పేజీ. 2020లో రిటైరైన మనిషికి ఆ పేజీతో పనేమిటని మా ఇంట్లో అడుగుతూనే ఉంటారు. ఒక సాంకేతిక విశ్వవిద్యాలయంలో సివిల్ విభాగం ల్యాబులో 34 ఏళ్లు పనిచేశాను. అక్కడ అటెండరుగా చేరి టెక్నీషియన్‌గా బయటికి వచ్చాను. ఏ విశ్వవిద్యాలయంలో ఏ పోస్టుకు ప్రకటన పడిందో చూడకపోతే నాకు పొద్దు మొదలైనట్టు ఉండదు. పోయిన వారం మీ పత్రికలో నాలుగు వరుసల ప్రకటన ఒకటి చూశాను. జూనియర్ రిసెర్చ్ ఫెలో (జేఆర్‌ఎఫ్, అంటే ఫెలోషిప్ తీసుకుంటూ ప్రాజెక్టులో పరిశోధన చేసే) పోస్టు ఒకటి, కాలపరిమితి ఏడాది లేదా ప్రాజెక్టు ముగిసేవరకు, అసలు సర్టిఫికెట్లతో ఉదయం పది గంటలకు నేరుగా హాజరు కావాలి, ప్రయాణ ఖర్చులు చెల్లించబడవు. చదివాక పేపరు మడిచి పక్కన పెట్టలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

నేను పనిచేసిన చోటు పేరు రాయను. నాకు అన్నం పెట్టిన చోటు అది. పైగా ఇది ఒక్కచోటి బాధ కూడా కాదు.

రెండు నెలల క్రితం అలాంటి ఇంటర్వ్యూకే మా పక్కింటి అమ్మాయికి తోడుగా వెళ్లాను. తెనాలిలో మా రెండు ఇళ్లకూ గోడ ఒక్కటే. వాళ్ల నాన్న ఆర్టీసీ కండక్టరు, ఆ రోజుకు సెలవు దొరకలేదు. "బాబాయిగారూ, మీకు యూనివర్సిటీల సంగతులు తెలుసు కదా, మీరు వస్తే ధైర్యంగా ఉంటుంది" అంది. రాత్రి రైలెక్కి తెల్లవారుజామున దిగాము. స్టేషను వెయిటింగ్ హాల్లోనే మొహాలు కడుక్కుని తొమ్మిది కాకముందే ఆ విభాగం వరండాలోకి చేరాము. పది గంటలకు లెక్కపెడితే 46 మంది ఉన్నారు. పోస్టు ఒకటి. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రవాడు ఉన్నాడు, కర్నూలు నుంచి బస్సు మారి బస్సు ఎక్కి వచ్చిన ఇద్దరు స్నేహితులు ఉన్నారు. ఒకామె చంటిబిడ్డను తల్లి ఒళ్లో పెట్టి, పిలుపు వచ్చినప్పుడల్లా ఉలిక్కిపడి లేస్తోంది. సర్టిఫికెట్ల పరిశీలనకే మధ్యాహ్నం రెండైంది. మా అమ్మాయి వంతు సాయంత్రం అయిదున్నరకు వచ్చింది. లోపల ఉన్నది ఏడు నిమిషాలు.

ఎం.టెక్. స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ మంచి మార్కులతో పాసైన పిల్ల. ఇంజినీరింగ్ పీజీ, పరిశోధన ప్రవేశాలకు రాసే గేట్ పరీక్ష స్కోరు ఉంది. అది మూడేళ్లే చెల్లుతుంది, ఆమెది వచ్చే మార్చితో తీరిపోతుంది. లోపల అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఇది: కంప్రెషన్ టెస్టింగ్ మెషీన్ మీద నీ చేతులతో పనిచేశావా? లేదండీ అని ఉన్నమాట చెప్పిందట. కాంక్రీటు దిమ్మను నొక్కి బలం కొలిచే యంత్రం అది. ఆమె చదివిన కాలేజీలో ఆ యంత్రం ఉంది. దాన్ని నడిపే టెక్నీషియన్ రిటైరయ్యాక ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. యంత్రం మీద దుప్పటి కప్పి ఉంచేవారట. విద్యార్థులు క్యూబులు (కాంక్రీటు దిమ్మలు) తయారుచేసి, ఆటోలో వేసుకుని ఊళ్లోని ప్రైవేటు ల్యాబుకు తీసుకువెళ్లి, డబ్బు కట్టి రిపోర్టు తెచ్చుకునేవారు. అక్కడ వీళ్లను యంత్రం దాకా రానివ్వరు.

సంపాదకులు గారూ, నేను చెప్పదలచుకున్నది ఇదే. పరిశోధకుల పోస్టుకు ప్రకటన ఇస్తున్నాము, ఆ పరిశోధకుడికి చెయ్యి పట్టి పని నేర్పే మనిషి పోస్టును ఖాళీగా వదిలేస్తున్నాము. చివరికి ఇంటర్వ్యూలో ఆ ఖాళీకి జవాబు చెప్పవలసింది ఉద్యోగం కోసం వచ్చిన పిల్ల అవుతోంది.

చూసేవాళ్లకు ల్యాబ్ టెక్నీషియన్ అంటే తాళాలు తీసి, తాళాలు వేసే మనిషి. అందుకే ఒక్క క్యూబు సంగతి చెబుతాను. కాంక్రీటు బలం తెలుసుకోవడానికి నిలువు, అడ్డం, ఎత్తు 150 మిల్లీమీటర్లు ఉండే దిమ్మను అచ్చులో పోస్తాము. మర్నాడు అచ్చు విప్పి నీళ్ల తొట్టిలో వేస్తాము. 28వ రోజున తీసి, తడి ఆరకముందే యంత్రంలో పెట్టి నలగగొడతాము. ఇదంతా ఎలా చేయాలో ఐ.ఎస్. 516 అనే భారతీయ ప్రమాణంలో ఉంది. 28వ రోజంటే 28వ రోజే. సంక్రాంతి నాడు వస్తే సంక్రాంతి నాడే వెళ్లి యంత్రం ఆన్ చేసిన రోజులు నాకు ఉన్నాయి. మా ఆవిడ గారెలు డబ్బాలో పెట్టి ఇచ్చేది, నేనూ, ఆ క్యూబులు పోసిన స్కాలరూ (పరిశోధక విద్యార్థి) ల్యాబు గుమ్మంలో కూర్చుని తినేవాళ్లము.

ఒకసారి ఒక స్కాలరు సిమెంటులో కొంత భాగం తగ్గించి, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నుంచి తెచ్చిన ఫ్లైయాష్ (బొగ్గు మండగా మిగిలే సన్నటి బూడిద) కలిపి ప్రయోగాలు చేస్తున్నాడు. తెలివైనవాడు, రాత్రి పగలు ల్యాబులోనే ఉండేవాడు. నేను మోకాలి నొప్పితో రెండు నెలలు సెలవులో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. ఎన్ని క్యూబులు నలగగొట్టినా బలం తక్కువే వస్తోంది, గైడు మిశ్రమం మార్చమంటున్నారు. "నా ఎదురుగా ఒకటి పెట్టు బాబూ" అన్నాను. పెట్టాడు. అచ్చులో పోసేటప్పుడు పైన తాపీతో చదును చేసిన ముఖం ఉంటుంది. ఆ ముఖాన్నే పైకి ఉంచి పెట్టాడు. తాపీ ముఖం కంటికి నున్నగా కనిపిస్తుంది, వేలితో నిమిరితే గతుకులు తెలుస్తాయి. బరువు అన్ని వైపులా సమానంగా పడక దిమ్మ ముందే పగులుతుంది. క్యూబును పక్కకు తిప్పి, ఇనుప అచ్చుకు ఆనుకున్న రెండు ముఖాలు పైకీ కిందికీ వచ్చేలా పెట్టాలి. యంత్రంలో క్యూబును నొక్కే పళ్లేల మీద ఇసుక రేణువు కూడా లేకుండా గుడ్డతో తుడవాలి. ఆ తర్వాత వాల్వు సెకనుకు సుమారు అయిదు కిలోన్యూటన్ల చొప్పున బరువు ఎక్కేలా తిప్పాలి. గబగబా తిప్పితే అంకె ఎక్కువ చూపిస్తుంది, నిదానంగా తిప్పితే తక్కువ చూపిస్తుంది. ఆ వేగం చేతికి పట్టుబడడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఆ రోజు తొట్టిలో మిగిలిన ఆరు క్యూబులూ నేనే దగ్గర నిలబడి పెట్టించాను. అంకెలు ఎక్కడ ఉండాలో అక్కడికి వచ్చాయి. ఆ అబ్బాయి ఇప్పుడు ఒక కాలేజీలో ప్రొఫెసరు. ప్రతి ఉగాదికి ఫోను చేస్తాడు.

అతని మిశ్రమంలో తప్పు లేదు. నేర్పే మనిషి రెండు నెలలు పక్కన లేకపోయేసరికి రెండు నెలల పని గాలికి పోయింది. ఇప్పుడు ఆ ల్యాబులో ఏళ్ల తరబడి ఎవరూ లేరు.

ఇక ఏడాది పోస్టు అనే మాట. ఫ్లైయాష్ కలిపిన కాంక్రీటుకు బలం నిదానంగా వస్తుంది. 28 రోజుల దగ్గర ఆగితే దాని గుణం తెలియదు, 56 రోజులకూ 90 రోజులకూ చూడాలి. ఉప్పునీటికి, ఆమ్లానికి ఎంత తట్టుకుంటుందో చూడాలంటే ఇంకా ఎక్కువ కాలం కావాలి. చేరిన అభ్యర్థికి హాస్టలు గది, గుర్తింపు కార్డు వచ్చేసరికే నెల గడుస్తుంది. సామగ్రి కొనుగోలుకు కొటేషన్లు, ఆమోదాలు అయ్యేసరికి మరో మూడు నెలలు. మొదటి క్యూబు నీళ్లలో పడేసరికి ఒప్పందంలో సగం అయిపోతుంది. మిగిలిన సగంలో ఆ పిల్లలు ప్రయోగం చూసుకోవాలా, వచ్చే ఏడాదికి ఇంకో ప్రకటన వెతుక్కోవాలా?

ఫెలోషిప్ మొత్తం సంగతి కూడా చెప్పాలి, మెరుగైనదాన్ని మెరుగైందనే అనాలి. జేఆర్‌ఎఫ్‌కు 2014లో నెలకు 25 వేలు చేశారు. 2018 చివర్లో దేశమంతటా స్కాలర్లు రోడ్డెక్కారు. ఆ తర్వాతే 2019 జనవరి నుంచి 31 వేలు అయింది. 2023 జనవరి 1 నుంచి 37 వేలు, సీనియర్ ఫెలో (ఎస్‌ఆర్‌ఎఫ్) అయితే 42 వేలు, ఇంటి అద్దె భత్యం అదనం. ఆ మొత్తం ప్రతి నెలా చేతికి వస్తే గౌరవంగా బతకవచ్చు. ప్రతి నెలా రాదు. ముందు విడత సొమ్ము ఎలా ఖర్చైందో చెప్పే వినియోగ ధ్రువపత్రం నిధి ఇచ్చేవాళ్లకు వెళ్లాలి, లెక్కలు సరిపోవాలి, అప్పుడే తర్వాతి విడత వస్తుంది. ఆ కాగితం ఆగిన నెలల్లో స్కాలర్ల ఫెలోషిప్ కూడా ఆగుతుంది. మా ల్యాబులో ఒకమ్మాయి అయిదు నెలలు అలా గడిపింది. మెస్ బిల్లు కట్టలేక, ఇంటికి చెప్పలేక, మధ్యాహ్నం ఆకలి లేదని అనేది. ఆకలి లేదంటే ఏమిటో మూడో రోజుకు నాకు అర్థమైంది. ఆ తర్వాత నా క్యారేజీలో రెండో గిన్నె చేరింది.

ఇప్పుడు సిబ్బంది పోస్టుల మాట. 1986లో నాకు ఉద్యోగం వచ్చింది ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు మీద. ఐ.టి.ఐ. ఫిట్టరు సర్టిఫికెట్ తీసుకుని వెళ్లాను. ఇంటర్వ్యూలో పెద్దసారు ఒక ఇనుపకడ్డీ, ఆకురాయి చేతికిచ్చి, "దీన్ని చదరంగా అరగదీయి" అన్నారు. నేను అరగదీస్తుంటే అరగంట పక్కన నిలబడి చూశారు. వారం తిరిగేసరికి ఆర్డరు పోస్టులో వచ్చింది. 2020లో నేను దిగేనాటికి మా విభాగంలో టెక్నీషియన్లం అయిదుగురం ఉండేవాళ్లం. తర్వాత ఒక్కొక్కరే రిటైరయ్యారు, ఒక్క పోస్టూ భర్తీ కాలేదు. మధ్యలో ఒకసారి బోధనేతర సిబ్బంది నియామకానికి నోటిఫికేషన్ వచ్చింది. మా మేనల్లుడు డిప్లొమా చదివినవాడు, ఆశగా దరఖాస్తు పెట్టాడు. ఆన్‌లైన్‌లో నింపి, ఫీజు కట్టి, దాన్నే మళ్లీ ప్రింటు తీసి, ప్రతి కాగితం మీదా సంతకం చేసి స్పీడ్ పోస్టులో పంపాడు. ఏడాదిన్నర గడిచాక పరిపాలనా కారణాల వల్ల రద్దు చేశామని ఒక్క వాక్యం వచ్చింది. కట్టిన ఫీజు తిరిగి రాలేదు. ఆ రసీదు ఇంకా వాడి పర్సులోనే ఉంది.

ఆ మేనల్లుడు ఇప్పుడు వేరే ఊళ్లో ఒక ల్యాబులో ఏజెన్సీ తరఫున పనిచేస్తున్నాడు. చేతికి వచ్చేది 14 వేలు. చేసే పని నేను చేసిన పనే. ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్తగా చేరినట్టు కాగితాలు రాయించుకుంటారు. వాడికి మొన్న ఇంకో చోట 16 వేలు ఇస్తామన్నారట, వెళ్లిపోతాడేమో. వెళితే వాడిని తప్పుపట్టలేను. ఆ యంత్రం మొరాయిస్తే ఎక్కడ తట్టాలో అన్న తెలివిడి వాడితోపాటే వెళ్లిపోతుంది.

కోర్టులు చెబుతూనే ఉన్నాయి. ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికీ సమాన వేతనం ఇవ్వాలని 2016 అక్టోబరులో సుప్రీంకోర్టు పంజాబ్ కేసులో చెప్పింది. కేంద్ర జల సంఘంలో ఊడ్చే పని, తోటపని చేసినవాళ్ల కేసులో 2024 డిసెంబరులో తీర్పు ఇస్తూ, ఏళ్ల తరబడి అవసరమయ్యే పనికి తాత్కాలికం అనే పేరు తగిలించి హక్కులు ఎగ్గొట్టడం తగదని చెప్పింది. 2025 ఆగస్టులో గుజరాత్ కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లు నెలకు 30 వేలతో పనిచేస్తున్న సంగతి చూసి, సభల్లో గురుబ్రహ్మ గురుర్విష్ణు అని వల్లిస్తే చాలదు, అది నిజమని నమ్మితే గురువులను చూసుకునే తీరులో కనిపించాలని అన్నది. ఆ మాట పేపరులో చదివి కత్తిరించి దాచుకున్నాను.

ఇప్పుడు మన పిల్లలకు వెళ్లే చోట్లు పెరిగాయి, సంతోషమే. 1972లో పుట్టిన జేఎన్‌టీయూ 2008లో నాలుగైంది. అదే ఏడాది హైదరాబాద్ ఐఐటీ వచ్చింది. 2015లో తిరుపతికి ఐఐటీ, తాడేపల్లిగూడేనికి ఎన్‌ఐటీ వచ్చాయి. 2022లో విజయనగరంలో గురజాడ పేరిట మరో సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1959 నాటి వరంగల్ కాలేజీ ఎన్‌ఐటీగా ఉండనే ఉంది. వీటన్నింటి ప్రకటనలూ ఎవరి వెబ్‌సైటులో వాళ్లవి, ఎవరి నమూనా వాళ్లది. మా పక్కింటి అమ్మాయి ఒక నోటు పుస్తకంలో గీతలు గీసి పెట్టుకుంది: ఎక్కడ, ఏ తేదీ, ఏ నమూనా, డీడీయా ఆన్‌లైనా, నోటరీ కావాలా వద్దా. ఆ పిల్ల రోజుకు రెండు గంటలు ఆ పుస్తకంతోనే గడుపుతోంది. ఆ రెండు గంటలూ చదువు మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేది.

చేయగలిగిన వాళ్లకు నా విన్నపాలు ఉన్నాయి. 46 మందిని రప్పించే ముందు ఒక్కొక్కరితో పది నిమిషాలు ఫోన్లో వీడియో మీద మాట్లాడి, ఆరుగురిని మాత్రం పిలవండి. పిలిచినవాళ్లకు కనీసం రెండో తరగతి రైలు చార్జీ ఇవ్వండి. ప్రాజెక్టు సొమ్ము ఎంతవరకు మంజూరైందో, ఎన్ని నెలలకు సరిపోతుందో ప్రకటనలోనే రాయండి. ఎవరిని తీసుకున్నారో, వెయిటింగ్ లిస్టులో ఎవరున్నారో పదిహేను రోజుల్లో వెబ్‌సైటులో పెట్టండి. రెండు నెలలైనా మా అమ్మాయికి ఫలితం తెలియలేదు. ప్రకటనలో ఉన్న నంబరుకు నేనే ఫోను చేశాను. ఆ ప్రొఫెసరు గారు మర్యాదగానే మాట్లాడారు, విడత ఇంకా రాలేదని, వచ్చాక చూస్తామని అన్నారు. ఆయన గొంతులోనే విసుగు వినిపించింది. ఆయనా ఇరుక్కునే ఉన్నారు. నోటిఫికేషన్ రద్దు చేస్తే కట్టించుకున్న ఫీజు వెనక్కి ఇవ్వండి. అది అడిగి తీసుకోవలసిన మేలు కాదు, వాళ్ల డబ్బే.

అన్నిటికంటే ముందు టెక్నీషియన్ పోస్టులు భర్తీ చేయండి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఆర్థిక శాఖ అనుమతి కావాలని, రోస్టరు (రిజర్వేషన్ల వరుస) తేలాలని నాకు తెలుసు. అది తేలేదాకా ఆగవలసిన పని లేదు. బయటి నిధులతో నడిచే ప్రతి ప్రాజెక్టులోనూ పరికరాలకు, మనుషులకు, ప్రయాణాలకు విడివిడిగా డబ్బు ఉంటుంది, సంస్థకు నిర్వహణ ఖర్చుల కింద ఓవర్‌హెడ్ అని కొంత వస్తుంది. ఆ ఓవర్‌హెడ్‌లో ఒక వాటా ల్యాబు మనుషులకని కేటాయించండి. నిధి ఇచ్చేవాళ్లు కూడా పరికరం కొనడానికి డబ్బు ఇచ్చేటప్పుడు, దాన్ని నడిపేదెవరని ఒక్క ప్రశ్న అడగాలి. సాంకేతిక కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ బృందాలు ల్యాబుల్లో సాంకేతిక సిబ్బంది వివరాలు చూస్తాయి. నేను రిటైరైన రెండేళ్లకు ఒక పెళ్లికి అటు వెళ్లి, చూసిపోదామని ల్యాబుకు వెళ్లాను. తలుపు మీద బోర్డులో టెక్నీషియన్ అన్నచోట నా పేరే ఉంది. లోపల దుమ్ము నా చూపుడువేలు మందాన పేరుకుంది. ఆ బోర్డు చూసి నాకు గర్వం కలగలేదు, సిగ్గేసింది.

నేను రాసుకున్న నోటు పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది. ఏ వాల్వు ఎప్పుడు బిగుసుకుంటుంది, వానాకాలంలో ఏ సూది ఎంత తప్పు చూపిస్తుంది, నూనె ఎక్కడ కారుతుంది, 34 ఏళ్లలో చూసిందంతా అందులో ఉంది. ఎక్కడి ల్యాబువారైనా పిలిస్తే నెలకు రెండు రోజులు వచ్చి పిల్లలకు చూపించి వెళతాను. జీతం అక్కరలేదు, రైలు టికెట్టు నేనే కొనుక్కుంటాను. మోకాలు నొప్పిగా ఉన్నా క్యూబు ఎత్తి పెట్టగలను, ఎనిమిది కిలోలే కదా. నాలాంటి రిటైరైన టెక్నీషియన్లు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లూ వస్తారు, అడిగేవాళ్లు ఉండాలి.

మా పక్కింటి అమ్మాయికి వచ్చే నెల 11న ఇంకో ఇంటర్వ్యూ ఉంది. అది కూడా నేరుగా హాజరయ్యేదే. వెళ్లే ముందు యంత్రం ముట్టుకున్న చెయ్యి అయి ఉండాలని, తెలిసిన కాంట్రాక్టరు గారి ల్యాబులో అడిగి పెట్టాను. ఆదివారం తొమ్మిదింటికి తాళం తీస్తామన్నారు. పన్నెండు క్యూబులు సిద్ధంగా ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
తెనాలి